ఒక తలుపునకు ఒక తాళము

మగధ దేశమున నందవంశము నశించి, చంద్రగుప్తుడు సింహాసనము నధిష్ఠించెను. అతనికి గురువు, మంత్రాంగము నడపువాడు చాణక్యుడు. నందుల మంత్రియైన రాక్షసుడు మాత్రము ఓటమి నంగీకరింపలేదు. అతడు తన భార్యాపుత్రులను కుసుమపురమున చందనదాసు అను రత్నవర్తకుని ఇంట దాచి, మలయకేతువు అను రాజకుమారుని పక్షమున చేరి, చంద్రగుప్తునిపై దండెత్తుటకు సన్నాహము చేయుచుండెను. విశాఖదత్తుడు సంస్కృతమున రచించిన 'ముద్రారాక్షసము' అను నాటకములోని కథ ఇది.

ఒకనాడు చాణక్యుని చారుడొకడు యమపటమును చూపుచు పాటలు పాడు భిక్షుకుని వేషమున చందనదాసుని ఇంటికి పోయెను. పాట విని ఐదేండ్ల బాలుడొకడు లోపలి గదినుండి వెలుపలికి వచ్చెను. వానిని లోనికి లాగుకొనుటకు ఒక స్త్రీ తలుపు చాటునుండి చేయి చాచెను. ఆమె వ్రేలికున్న ఉంగరము పురుషుని కొలతకు చేయబడినది. అది వదులై జారిపడి, దొర్లుకొనుచు చారుని పాదములచెంతకు వచ్చెను. దానిపై రాక్షసుని పేరు చెక్కబడి యుండెను. ఆ విధముగ రాక్షసుని ముద్రాంగుళీయకము చాణక్యుని చేతికి చిక్కెను. చాణక్యుడు ఉపాయముగ ఒక లేఖ వ్రాయించి, దానిపై ఆ ముద్ర వేయించెను. లేఖ తుదకు మలయకేతువు కంటబడెను. ముద్ర రాక్షసునిది, కావున లేఖయు రాక్షసునిదే యని అతడు నమ్మెను. తన మంత్రియే తనకు ద్రోహము తలపెట్టెనని తలచి అతనిని వెడలగొట్టెను. మహాయుద్ధము జరుగకుండగనే చాణక్యుడు జయము పొందెను.

ఈ కథయందు గమనింపదగిన విషయములు రెండు కలవు. మొదటిది: మలయకేతువు నమ్మినది రాక్షసుని ముఖమును కాదు, ముద్రను. ముద్ర ఎవని చేత నున్నదో వాడే రాక్షసుడు. రెండవది: రాక్షసుని కార్యములన్నింటికిని ముద్ర ఒక్కటే. అది పోయినంతనే అతని పేరు, పలుకుబడి, స్నేహము, సైన్యము అన్నియు పోయెను.

నేటి కాలమున ప్రతి మనుష్యునికిని ఇట్టి ముద్ర ఒకటి కావలసి వచ్చినది. దానినే పాస్‌వర్డు అందురు. ఈమెయిలు చూచుకొనుటకు పాస్‌వర్డు. బ్యాంకు ఖాతా తెఱచుటకు పాస్‌వర్డు. రైలు టిక్కెట్టు కొనుటకు, విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టుకొనుటకు, ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చిన పిమ్మట కళాశాలలను ఎంచుకొనుటకు పాస్‌వర్డు. దూరముననున్న కంప్యూటరునకు మనుష్యుని ముఖము తెలియదు. సరియైన పాస్‌వర్డు చెప్పినవానిని అది యజమానిగ భావించును. కావున ఈ ముద్రను కాపాడుకొను విధమును తెలిసికొనుట నేటి విద్యలో నొక భాగము.

సంకేతపదముల యెడ ప్రాచీనులు మిక్కిలి జాగ్రత్త వహించెడివారు. రోమను సైన్యమునందలి ఆచారమును క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునకు చెందిన పాలిబియసు అను గ్రీకు చరిత్రకారుడు వర్ణించినాడు. సాయంకాలము కాగానే సేనాధికారి ఆ రాత్రికి ఒక సంకేతపదమును నిర్ణయించి, కొయ్యపలకలపై వ్రాయించెడివాడు. పలక శిబిరపు చివరనున్న దళమునుండి బయలుదేరి, సాక్షుల ఎదుట ఒక దళనాయకుని చేతినుండి మఱియొక దళనాయకుని చేతికి మాఱుచు, చీకటి పడకముందే మరల సేనాధికారిని చేరవలెను. ఏ పలకయైనను తిరిగి రానిచో, అది ఎచ్చట నిలిచిపోయెనో పలకలపైనున్న గుర్తులనుబట్టి అతడు కనుగొని, తప్పు చేసినవానిని దండించెడివాడు. ఒక రాత్రి సంకేతపదము శత్రువునకు తెలిసినను, మఱునాటి రాత్రికి అది పనికిరాదు. ఒక పదము పోయినచో ఒక రాత్రికే నష్టము. రాక్షసుని ఉంగరమునకును రోమనుల పలకకును గల భేదమిదియే.

కంప్యూటరునకు పాస్‌వర్డు వచ్చిన కథ ఇటీవలిది. 1961లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కోర్బటో అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును ఒకే కంప్యూటరును అనేకులు ఒకేసారి వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. అంతకుముందు ఒకరి పని ముగిసిన పిదపనే మఱియొకరి పని యంత్రమునకు అందింపబడుచుండెను. అందఱి పత్రములును ఒకే యంత్రములో నుండుటచే ఎవరివి వారికే కనబడవలెను. ఎవరికి కేటాయించిన కాలమును వారే వాడుకొనవలెను. అందుకై ప్రతివానికిని ఒక పాస్‌వర్డు ఈయబడెను.

తాళము వచ్చిన మఱుసటి యేటనే దొంగతనమును వచ్చెను. ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల కాలము మాత్రమే కేటాయింపబడెను. అది అతని పనికి చాలలేదు. పాస్‌వర్డులన్నియు యంత్రములో ఒకే పట్టికగ నున్నవని అతనికి తెలియును. 1962లో ఒక శుక్రవారము రాత్రి ఆ పట్టికను అచ్చువేయుమని యంత్రమునకు ఆజ్ఞాపత్రమును సమర్పించెను. శనివారము ఉదయమునకు ముద్రితమైన పట్టిక సిద్ధముగ నుండెను. అతడు ఇతరుల పేర తన పనిని కొనసాగించుకొనెను. చాల సంవత్సరములైన పిమ్మట తానే ఈ విషయమును బయటపెట్టెను. 1966లో మఱియొక వింత జరిగెను. ఒక పొరపాటు వలన, యంత్రమును తెఱచిన ప్రతివానికిని ఆనాటి ప్రకటనకు బదులుగ అందఱి పాస్‌వర్డుల పట్టిక కనబడెను. పాస్‌వర్డులు పుట్టిననాటినుండియు వాటికి గల పెద్ద ఆపద ఇదియే. యజమాని ఎంత గుట్టుగ నుంచినను, రెండవ ప్రతి అవతలివాని యింట నుండును.

ఈ యాపదకు ప్రతిక్రియగ శాస్త్రజ్ఞులొక ఉపాయమును కనిపెట్టిరి. పసుపుకొమ్మును రోటిలో వేసి దంచినచో పొడి యగును. ఆ పొడినుండి మరల కొమ్మును చేయుట ఎవ్వరికిని శక్యము కాదు. అట్లే పాస్‌వర్డును ఒక గణితపద్ధతిచే 'దంచి', గుర్తుపట్టరాని అక్షరసముదాయముగ మార్చి, దానిని మాత్రమే దాచియుంచవచ్చును. ఈ పొడిని హ్యాష్ అందురు. యజమాని మరల వచ్చి పాస్‌వర్డు చెప్పినపుడు, దానిని అదే విధముగ దంచి, రెండు పొడులును ఒక్కటే యైనచో తలుపు తెఱచెదరు. పట్టిక దొంగల పాలైనను వారికి దొరకునది పొడియే గాని కొమ్ము కాదు.

అయినను దొంగ నిరుత్సాహపడడు. జనులు సాధారణముగ పెట్టుకొను మాటలను ఒక్కొక్కటిగ తానే దంచి చూచి, దొరికిన పొడితో సరిపోల్చును. దీనిని కష్టతరము చేయుటకై బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్టు మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు తమ యునిక్సు పద్ధతిలో దంచుటకు ముందు ప్రతి పాస్‌వర్డునందును వేఱువేఱు అంకెలను కొంచెము కలుపుచుండిరి. దీనికి వారు పెట్టిన పేరు 'ఉప్పు'. ఇద్దఱు మనుష్యులు ఒకే మాటను పెట్టుకొన్నను, ఉప్పు వేఱగుటచే పొడులు వేఱుగ నుండును. దొంగ ఒకసారి దంచిన పొడితో అందఱి తాళములను పరీక్షింపజాలడు. ఒక్కొక్కరి కొఱకు విడివిడిగ దంచుకొనవలసినదే. 1979లో వీరిరువురును ప్రకటించిన వ్యాసమున ఒక పరిశీలన కలదు. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అనగా నూటికి 86, సులభముగ ఊహింపదగినవే. కొన్ని ఒకటి రెండు అక్షరములవి. కొన్ని నిఘంటువులోని మాటలు. తాళము చేసినవాడు ఎంత నేర్పరియైనను, తాళపుచెవిని గుమ్మము ముందటి చాప క్రింద పెట్టువానిని కాపాడలేడు.

2009 డిసెంబరులో జరిగిన యొక సంఘటన ఈ సంగతిని లోకమునకు చాటినది. రాక్‌యూ అను సంస్థ 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డులను దంచకయే, ఉన్నవి ఉన్నట్లుగ దాచియుంచెను. అవి యన్నియు దొంగల పాలయ్యెను. పిదప పండితులు వానిని పరిశీలింపగా, రమారమి 2 లక్షల 90 వేల మంది '123456' అను ఒకే పాస్‌వర్డును పెట్టుకొనినట్లు తేలెను. నాటినుండి ఆ పట్టిక దొంగలకు పెద్దబాలశిక్ష యైనది. జనులు ఎట్టి మాటలను ఎంచుకొందురో దానినుండి వారు నేర్చుకొనుచున్నారు.

అయితే అన్నింటికంటె పెద్ద ప్రమాదము తేలికైన పాస్‌వర్డు కాదు. ఒకే పాస్‌వర్డును పలుచోట్ల వాడుట. 2012లో డ్రాప్‌బాక్సు అను సంస్థ విషయమున ఇది స్పష్టమైనది. అది జనుల పత్రములను భద్రపఱచు సంస్థ. దాని ఉద్యోగి యొకరు వేఱొక చోట వాడిన పాస్‌వర్డునే ఇచ్చటను వాడియుండిరి. ఆ వేఱొక చోట దొంగతనము జరుగగా, దొంగలు ఆ పాస్‌వర్డును తెచ్చి ఇచ్చట ప్రయోగించి చూచిరి. తలుపు తెఱచుకొనెను. లోపల ఖాతాదారుల ఈమెయిలు చిరునామాలు గల పత్రమొకటి వారికి దొరకెను. 2012 నాటి చోరత్వములో పోయినది అంతమాత్రమే కాదని 2016లో తెలియవచ్చెను. సుమారు 6 కోట్ల 80 లక్షల ఖాతాల ఈమెయిలు చిరునామాలును, పాస్‌వర్డుల పొడియును బయటపడెను. ఇచ్చటి గోడను ఎవ్వరును బ్రద్దలు కొట్టలేదు. పొరుగూరి యింటిలో పోయిన తాళపుచెవి ఈ యింటికిని పట్టినది.

ఈ దొంగతనమునకు తెలివితేటలతో పని లేదు. ఒకచోట దొరికిన ఈమెయిలు చిరునామాను, పాస్‌వర్డును జంటగ తీసికొని, వందలాది వెబ్‌సైటుల తలుపుల నొక్కొక్కటిగ తట్టుటకు యంత్రములు కలవు. అవి అలయవు, నిద్రపోవు. కావుననే ఒకే తాళపుచెవిని వాడు మనుష్యుని భద్రత, అతడు వాడు చోట్లన్నింటిలో అతి బలహీనమైనదాని భద్రతతో సమానము.

ఒక కుటుంబము నూహింపుడు. తండ్రి వ్యవసాయదారుడు. ఇంట సెల్‌ఫోను ఒక్కటే. ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె ఆ ఫోనులో తండ్రి పేర ఈమెయిలు ఖాతాను తెఱచినది. తండ్రి పేరును, తాను పుట్టిన సంవత్సరమును కలిపి పాస్‌వర్డుగ పెట్టినది. కొన్నాళ్లకు తమ్ముడు ఆటల వెబ్‌సైటు కావలెనని మారాము చేయగా, అందును అదే ఈమెయిలును, అదే పాస్‌వర్డును వాడినది. అన్నకు ప్రవేశ పరీక్ష దరఖాస్తు పెట్టినపుడు నెట్ సెంటరువాడు అడుగగా, అదే పాస్‌వర్డును చెప్పినది. ఆటల వెబ్‌సైటులో దాచదగిన వస్తువేదియు లేదు. కావున అచ్చట దొంగతనము జరిగినను నష్టమేమని ఎవరైనను అనుకొందురు. కాని దొంగ అచ్చట దొరికిన జంటతో తిన్నగ తండ్రి ఈమెయిలును తెఱచును. ఈమెయిలు చేత పడినచో, తక్కిన వెబ్‌సైటులయందు 'పాస్‌వర్డు మఱచితిని' అనుచోట ఒక్క నొక్కు నొక్కిన చాలు. క్రొత్త పాస్‌వర్డు పెట్టుకొనుటకు దారి చూపు ఉత్తరము ఆ ఈమెయిలునకే వచ్చును. ఇంటి గదులన్నింటి తాళపుచెవులును వ్రేలాడు కొక్కెము ఈమెయిలు. ఇంక నెట్ సెంటరులోని కంప్యూటరునందు మిగిలిపోయిన పాస్‌వర్డు ఎవని చేతికైనను చిక్కినచో, అన్న ఎంచుకొన్న కళాశాలల వరుసను అతడు మార్చివేయవచ్చును. ఏడాది పొడుగున చదివిన చదువునకు ఫలము ఆ వరుసయే గదా!

ఈ కుటుంబము చేయవలసినది ఏమి? మొదటి నియమము: ఒక తలుపునకు ఒక తాళము. ఏ రెండు వెబ్‌సైటులకును ఒకే పాస్‌వర్డు ఉండరాదు. చివరి అంకెను మాత్రము మార్చి, క్రొత్తదని సంతృప్తి పొందరాదు. ఆ మార్పును దొంగ మొదటి ప్రయత్నములలోనే ఊహించును. ముఖ్యముగ ఈమెయిలు పాస్‌వర్డు, బ్యాంకు పాస్‌వర్డు మఱెచ్చటను వాడబడరాదు.

రెండవ నియమము: పాస్‌వర్డు పొడవుగ నుండవలెను. దీనికి గణితమే ప్రమాణము. ఏటీఎము కార్డునకు నాలుగంకెల పిన్ చాలుచున్నది గదా, పాస్‌వర్డునకు అంత పొడవెందుకని సందేహము కలుగవచ్చును. నాలుగంకెల పిన్‌లు మొత్తము 10,000 మాత్రమే. కాని ఏటీఎము ముందు నిలిచినవానికి కొద్దిసార్లే అవకాశము. మాటిమాటికి తప్పు చెప్పినచో కార్డు పని చేయదు. పాస్‌వర్డుల పొడిని దొంగిలించినవాని సంగతి అట్లు కాదు. వాడు తన యింట కూర్చుండి ఎన్ని కోట్లసార్లైనను దంచి చూచుకొనవచ్చును. ఆంగ్లమునందలి చిన్న అక్షరములు 26. వానితో ఎనిమిదేసి అక్షరముల మాటలు 20,882 కోట్లకు పైగా చేయవచ్చును. ఇది పెద్ద సంఖ్యయే. కాని సెకనుకు 1,000 కోట్ల మాటలను పరీక్షింపగల యంత్రమునకు అవి యన్నియు చూచుటకు 21 సెకనులు చాలును. బలహీనముగ దంచిన పాస్‌వర్డులపై ఇంత వేగముతో పనిచేయు యంత్రములు నేడు కలవు.

1995లో ఆర్నల్డు రైన్‌హోల్డు అను నతడు పాచికలతో పాస్‌వర్డు చేయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. 7,776 మాటల పట్టిక యొకటి యుండును. పాచికను ఐదుసార్లు వేసి, వచ్చిన అంకెలనుబట్టి పట్టికనుండి ఒక మాటను తీసికొనవలెను. ఆరును ఐదుసార్లు గుణించిన 7,776 వచ్చును. ఆ సంఖ్యకు కారణమిదియే. ఇట్లు నాలుగు మాటలను ఏర్చినచో 3,656 లక్షల కోట్ల కూర్పులు సాధ్యమగును. పై యంత్రమునకు అవి సుమారు నాలుగు దినముల పని. ఆరు మాటలను ఏర్చినచో అదే యంత్రమునకు దాదాపు 7 లక్షల సంవత్సరములు పట్టును. రెండు మాటలు చేర్చినంతనే నాలుగు దినములు లక్షల యేండ్లుగ మాఱినవి! విద్యార్థులు బీజగణితమున చదువు ఘాతముల మహిమ ఇదియే.

ఆరు మాటలు గుర్తుంచుకొనుట కష్టము కాదు. గొడుగు, తాబేలు, ఆవకాయ, రైలు, నెమలి, సున్నము అను మాటలు వచ్చినవనుకొనుడు. గొడుగు పట్టిన తాబేలు ఆవకాయ జాడీతో రైలెక్కగా, ఎదుటి బల్లపై నెమలి సున్నము కలుపుకొనుచున్నదని ఊహించుకొన్నచో, ఆ చిత్రము నెలల తరబడి మనస్సున నిలుచును. ఈ మాటలు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనిన సరి. అయితే ఇచ్చట అచ్చయిన ఈ ఆరు మాటలను ఎవ్వరును వాడరాదు. అచ్చయినది రహస్యము కాదు. ఆ కారణముచేతనే సామెతలు, పాటల పల్లవులు, సినిమా పేర్లు పనికిరావు. ఊరు పేరు, పుట్టినతేది, ఫోను నంబరు అంతకంటె పనికిరావు. మాటలను ఎంచవలసినది పాచిక, మనస్సు కాదు. మనస్సు ఎంచినచో అలవాటు పడిన దారిలోనే పోవును, ఆ దారి దొంగకును తెలియును.

పెద్ద అక్షరము, అంకె, చిహ్నము తప్పక ఉండవలెనని కొన్ని వెబ్‌సైటులు నిర్బంధించును. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థలో పనిచేసిన బిల్ బర్ 2003లో వ్రాసిన సూచనలనుండి ఈ ఆచారము విస్తరించెను. మూడు నెలలకొకసారి పాస్‌వర్డును మార్చవలెనను ఆచారమును అట్టిదే. ఫలితమేమనగా, జనులు విసుగు చెంది చివర ఒకటి అను అంకె నుంచి, మరల మార్చవలసినపుడు రెండు చేయసాగిరి. అందులోని అనేక సూచనలకు విచారించుచున్నానని ఆయనయే 2017లో అంగీకరించెను. అదే సంవత్సరమున ఆ సంస్థయు తన ప్రమాణములను మార్చి, పొడవునకు ప్రాధాన్యమిచ్చి, కారణము లేనిదే పాస్‌వర్డును మార్పింపనక్కఱలేదని తెలిపెను. దొంగతనము జరిగినట్లు తెలిసినను, ఎవరికైనను తెలిసిపోయెనను అనుమానము కలిగినను మాత్రము వెంటనే మార్చవలెను. నెట్ సెంటరులో పాస్‌వర్డు వాడవలసి వచ్చినచో పని ముగియగానే ఖాతా మూసి, ఇంటికి వచ్చినంతనే క్రొత్త పాస్‌వర్డు పెట్టుకొనవలెను.

ఇరువది ముప్పది తలుపులకు ఇరువది ముప్పది తాళములైనచో తాళపుచెవులను ఎట్లు గుర్తుంచుకొనుట? ఇచ్చటనే చాలమంది ఓడిపోయి, ఒకే పాస్‌వర్డునకు మరలుదురు. దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది అందఱికిని అందుబాటులో నున్నది: ఒక పుస్తకము. పాస్‌వర్డును వ్రాసియుంచరాదని పెద్దలు చెప్పుట కలదు. బ్యాంకు కార్డు కవరుపై పిన్‌ను వ్రాసికొనుట, గోడమీది క్యాలెండరుపై పాస్‌వర్డు వ్రాయుట నిజముగ ప్రమాదమే. కాని వేల మైళ్ల దూరమున కూర్చుండి యంత్రముతో తలుపులు తట్టు దొంగ, ఇంటి బీరువాలో తాళము వేసి యుంచిన పుస్తకమును చదువజాలడు. వేఱువేఱు పాస్‌వర్డులను పుస్తకమున వ్రాసి బీరువాలో నుంచువాడు, ఒకే పాస్‌వర్డును మనస్సున నుంచుకొనువానికంటె ఎంతయో క్షేమముగ నుండును. ఆ పుస్తకమును బడికి గాని, ప్రయాణమునకు గాని తీసికొనిపోరాదు. ఫోటో తీసి ఫోనులో నుంచరాదు.

రెండవ మార్గము పాస్‌వర్డు మేనేజరు. ఇది పాస్‌వర్డులను గుప్తలిపిలో దాచు పెట్టె వంటి ప్రోగ్రాము. 1997లో బ్రూస్ ష్నయరు అను గుప్తలిపి శాస్త్రజ్ఞుడు వెలువరించిన 'పాస్‌వర్డ్ సేఫ్' ఇట్టివానిలో మొదటి తరమునకు చెందినది. నేడు ఇటువంటివి అనేకములు కలవు. కొన్ని ఉచితముగ లభించును. ఈ పెట్టె ప్రతి వెబ్‌సైటునకును అర్థము లేని పొడవైన పాస్‌వర్డును తానే తయారుచేసి, తానే గుర్తుంచుకొనును. మనుష్యుడు గుర్తుంచుకొనవలసినది పెట్టెను తెఱచు పాస్‌వర్డు ఒక్కటే. ఆ యొక్కదానికి ఆరు మాటల పద్ధతి తగినది. దానిని మఱచినచో పెట్టెను తెఱచుట సాధారణముగ తయారుచేసినవారికిని సాధ్యము కాదు. కావున దానిని మాత్రము ఒక కాగితముపై వ్రాసి బీరువాలో దాచుట మంచిది.

ఈ పెట్టె వలన మఱియొక లాభము కలదు. బ్యాంకు వెబ్‌సైటును పోలిన నకిలీ వెబ్‌సైటును నిర్మించి, 'మీ కేవైసీ గడువు ముగిసినది, వెంటనే ఇచ్చట నొక్కుడు' అని సందేశము పంపు మోసగాండ్రు కలరు. నకిలీ చిరునామాలో ఆంగ్లపు 'ఓ' అక్షరమునకు బదులు సున్న యుండవచ్చును. తొందరలోనున్న కన్ను ఆ భేదమును పట్టలేదు. పెట్టె మాత్రము చిరునామాను అక్షరమక్షరముగ పోల్చును. చిరునామా వేఱైనచో పాస్‌వర్డును తనంతట నింపదు. పెట్టె మౌనము వహించినపుడు మనుష్యుడు ఆగి ఆలోచింపవలెను.

మూడవ నియమము: ముఖ్యమైన తలుపునకు రెండవ గడియ. పాస్‌వర్డు చెప్పిన పిదప ఫోనునకు వచ్చు ఓటీపీ గాని, ఫోనులోని యాపు చూపు అంకెలు గాని అడుగుట ఇట్టి గడియ. భారతదేశమున ఇంటర్నెట్టుపై కార్డుతో చెల్లించునపుడు రెండవ పరీక్ష తప్పక ఉండవలెనని రిజర్వు బ్యాంకు 2009నుండి నిర్ణయించెను. ఈమెయిలునకును ఇట్టి గడియను అమర్చుకొనవచ్చును. అప్పుడు పాస్‌వర్డు పోయినను తలుపు తెఱచుకొనదు. కాని గడియను లోపలినుండి తీసినవానిని ఎవరు కాపాడగలరు? బ్యాంకు ఉద్యోగినని, పోలీసునని చెప్పి ఫోనులో ఓటీపీ అడుగువాడు ఆ గడియను తీయుమని అడుగుచున్నాడు. బ్యాంకు ఏనాడును ఓటీపీని గాని, పాస్‌వర్డును గాని, పిన్‌ను గాని అడుగదు. యూపీఐ పిన్ సొమ్ము చెల్లించునపుడు కావలెను. సొమ్ము పుచ్చుకొనుటకు దానితో పని లేదు. 'మీకు డబ్బు పంపుచున్నాము, పిన్ కొట్టుడు' అనువాడు తప్పక మోసగాడు.

కొన్ని వెబ్‌సైటులు పాస్‌వర్డు మఱచినవారిని 'మీ తల్లిగారి పుట్టినింటి యింటిపేరు ఏది?' అని ప్రశ్నించును. ఇది ఇతర దేశములలో పుట్టిన ప్రశ్న. మేనమామ ఇంటిపేరు తెలియనివారు తెలుగు పల్లెలలో అరుదు. ఇట్టి ప్రశ్నలకు నిజము చెప్పవలెనను నియమము లేదు. సంబంధము లేని మాటను జవాబుగ నిచ్చి, దానినికూడ పుస్తకములో వ్రాసికొనుట క్షేమము.

ఒకరి పాస్‌వర్డును మోసపు తలంపుతో వాడుట భారతదేశమున నేరము. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 66సి విభాగము ప్రకారము మూడేండ్ల వఱకు కారాగారశిక్షయు, లక్ష రూపాయల వఱకు జరిమానాయు విధింపవచ్చును. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మాఱుచుండును. భయపడియో, సిగ్గుపడియో దాచుకొన్నచో లాభపడువాడు దొంగ యొక్కడే. తప్పు చేసిన పిల్లలను తిట్టుటకంటె వెంటనే పాస్‌వర్డు మార్చుటకు సాయపడుట పెద్దల కర్తవ్యము.

తాళపుచెవులు లేని కాలము రావలెనని శాస్త్రజ్ఞులు ప్రయత్నించుచున్నారు. పాస్‌కీ అను పద్ధతిలో రహస్యము ఫోనులోనే యుండును. వెబ్‌సైటునకు దాని ప్రతి చేరదు. అచ్చట దొంగతనము జరిగినను దొంగకు తలుపు తెఱచు సాధనము దొరకదు. కొన్ని వెబ్‌సైటులు దీనిని ఇప్పటికే అంగీకరించుచున్నవి. కాని అన్ని తలుపులకును ఈ పద్ధతి వచ్చువఱకు పాస్‌వర్డుల కాపుదల తప్పదు.

పూర్వము పల్లెలలో చదువు వచ్చిన బాలుడు ఇంటింటి ఉత్తరములను చదివిపెట్టెడివాడు. ఎవరి యప్పు సంగతి ఎంతయో, ఎవరి కుమారుడు ఏమి వ్రాసెనో వానికి తెలిసెడిది. వాడు దానిని కడుపులో దాచుకొనెడివాడు; అందువలననే ఊరివారు వానిని నమ్మెడివారు. నేడు ఆ బాధ్యత మరల బాలబాలికల చేతికి వచ్చినది. తాతగారి పింఛను వివరము చూచునది మనుమరాలు. తల్లి ఫోనులో యాపు నమర్చువాడు కుమారుడు. ఇంటి ముద్ర వారి వ్రేలికున్నది. ఆ ఉంగరము వదులుగ నుండరాదు. సాయంకాలము ఒక గంటసేపు తల్లిదండ్రులతో కూర్చుండి, మొదట ఈమెయిలునకు, పిదప బ్యాంకునకు, అటుపిమ్మట తక్కినవానికి వేఱువేఱు పాస్‌వర్డులు పెట్టి, పుస్తకమున వ్రాసి, బీరువాలో నుంచినచో ఆ యింటి తలుపులు తమ తమ తాళములతో భద్రముగ నుండును. ఎచ్చటనో ఒక తాళపుచెవి జారిపడినను, దానితో తెఱచుకొనునది ఒక్క తలుపు మాత్రమే.